జల్వా దాకా మూత తీయద్దు

ఈ ఉదయం నేను అంగడి షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఒకాయన స్కూటరు ఆపి, కేకు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూత తీయగానే వెనీలాతో కలిసి తడి చక్కెర వాసన గుప్పుమంది. నిన్న సాయంత్రం తెల్లగా, నున్నగా పంపిన కేకు ఇప్పుడు ఒళ్ళంతా నీటి బొట్లతో ఉంది. పైన పెట్టిన ఎర్ర గులాబీలు రంగు వదిలి చారలు చారలుగా కారాయి. "ఎంత జాగర్త చేసినామో తెల్సా మేడమ్! రాత్రంతా ఫ్రిజ్‌లోనే పెట్టినాం. పొద్దున్నే తీసి దేవుని ముందర పెట్టి హారతి గూడా ఇచ్చినాం. అంతలోనే ఇట్లా సెమట్లు పట్టేసింది" అన్నాడు. హారతి కూడా ఇచ్చాం కాబట్టి తప్పు తమది కాదని, నాదేనని ఆయన ముఖం చెబుతూనే ఉంది. ఆ కేకు లోపల ఉన్నది వెన్న క్రీము, జాము. దానికి అసలు ఫ్రిజ్ అక్కరే లేదు. ఆ సంగతి ఫోనులో చెప్పాను, పెట్టె మీద రాసి అంటించాను, తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ళ తమ్ముడికి మళ్ళీ చెప్పాను. తిరుపతిలో ఈ కేకుల అంగడి పెట్టినప్పటి నుంచి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. "ఫ్యాను కింద పెట్టండి, ఎవరూ వేలు పెట్టకండి, దానంతటదే ఆరిపోతుంది" అని చెప్పి పంపించేసి కుర్చీలో కూలబడ్డాను.

కేకును ముట్టుకున్న వేలు ఇంకా జిగటగానే ఉంది. లేచి కడుక్కోవడానికి కూడా ఓపిక లేక, బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాను. ఖైరక్క గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఆ స్కూటరాయనకు నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. నాకు ఆ తిట్టే ఓపికా లేదు, ఆ చెప్పే ఓపికా లేదు.

ఆమె పూర్తి పేరు ఖైరున్నీసా. చిత్తూరులో వాళ్ళ మామగారి కాలం నుంచి ఉన్న బేకరీ అది. గల్లా దగ్గర ఆమె భర్త బాషన్న కూర్చునేవాడు. బన్నులు, బిస్కట్లు కాల్చేవాళ్ళు పొయ్యి దగ్గర ఉండేవాళ్ళు. వెనక ఉన్న కేకుల గది మాత్రం ఖైరక్కది. అందులోకి బాషన్న కూడా చెప్పులు విడిచే రావాలి. ఖైరక్క పొట్టి మనిషి, నెత్తి మీద నుంచి కొంగు జారేది కాదు, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. నేను ఆమె దగ్గర పనికి చేరేనాటికి నాకు ఇద్దరు పిల్లలు. అప్పటిదాకా మామిడికాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయేదాన్ని, తక్కిన రోజుల్లో పూలు కట్టేదాన్ని. మా పుట్టింట్లో అందరూ పూలు కట్టేవాళ్ళే. నా వేళ్ళు చురుగ్గా ఆడతాయని పక్కింటామె నన్ను తీసుకుపోయి ఖైరక్క ముందు నిలబెట్టింది. ఆమె నా ముఖం చూడలేదు, నా చేతులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు రా" అంది.

చేరిన కొత్తలోనే ఒక ఘనకార్యం చేశాను. ఒక మధ్యాహ్నం ఆమె చక్కెర పొర కప్పిన చిన్న కేకులు కొన్ని బల్ల మీద పెట్టి నమాజుకు పోయింది. బయట ఎండ పెళపెళలాడుతోంది. ఆ కేకులు ఏ ఆచ్ఛాదనా లేకుండా ఉంటే నాకు ప్రాణం ఒప్పలేదు. పలచటి గుడ్డ తడిపి, బాగా పిండి, వాటి మీద కప్పాను. మల్లెపూలను మేము అట్లాగే కాపాడుకుంటాం మరి. ఆమె వచ్చి గుడ్డ ఎత్తేసరికి కింద పొర అంతా మెత్తబడి, గుడ్డ నేత అచ్చు గుద్దినట్టు పడి ఉంది.

"ఎవురు మే ఈ పని చేసింది?"

"నేనేనక్కా. వాడిపోతాయని..."

ఆమె నా వైపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత మైదా మూట మీద కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "వాడిపోయేదానికి ఇవేమన్నా మల్లె మొగ్గలా తల్లీ! బాషా, ఓ బాషా, ఈడికి రా, సూడు, మన రేణుక కేకులకు తడిగుడ్డ ఏసింది" అని మొగుణ్ణి కూడా పిలిచి చూపించింది. నాకు ఏడుపొకటే తక్కువ. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "పూలకు తడి పానం. సక్కెరకు తడి యముడు. ఇంక నీ సేతికి ఈ రెండూ తెలిసినాయి. పో, అందరం తలా ఒక ముక్క తిందాం" అంది. ఆ రోజు ఆ కేకులన్నీ పొయ్యి దగ్గరివాళ్ళూ, మేమూ కలిసి తినేశాం.

ఈ చక్కెర పొరనే ఫాండెంట్ అంటారు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చక్కెర పొడిని సాగే ముద్దలా చేసి, చపాతీ ఒత్తినట్టు ఒత్తి, కేకు మీద దుప్పటిలా కప్పుతారు. చూడ్డానికి పాలరాయిలా ఉంటుంది. వెన్న క్రీము, జాము మీద కప్పితే ఏ బాధా లేదు, బయటే పెట్టుకోవచ్చు. జనం అంతటితో ఊరుకుంటారా? లోపల పచ్చి మీగడ కావాలి, పాలు గుడ్లు కాచిన కస్టర్డు కావాలి, మామిడి ముక్కలు కావాలి. అవన్నీ ఊరికే చెడిపోయే సరుకు, వాటికి చల్లదనం ఉండి తీరాలి. పైనున్న చక్కెర పొరకేమో ఆ చలి పడదు, ఫ్రిజ్ నుంచి తీయగానే వేడి గాలి తగిలి చెమట పడుతుంది. అత్తనూ కోడలినీ ఒకే గదిలో పెట్టి కాపురం చేయించడమే ఇది.

దీనికి ఖైరక్క దగ్గర ఒక పద్ధతి ఉండేది. కేకును అట్టపెట్టెలో పెట్టి, పెట్టె చుట్టూ ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేది. బయటికి తీశాక చుట్టిన కాగితం అట్లాగే ఉంచాలి. చెమట ఏదైనా పడితే ఆ కాగితం మీద పడుతుంది, లోపలి కేకుకు అంటదు. కాగితం ఆరి, పెట్టెకు చలి వదిలిందనిపించాక మూత తీయాలి, తీసిన వెంటనే కోసి తినేయాలి. మూత తీసే ఆ ఘడియకు ఆమె పెట్టిన పేరు జల్వా. జల్వా అంటే వాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక వేడుక. నిఖా అయ్యాక పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్య అద్దం పెట్టి, ముసుగు తీసి ఒకరి ముఖం ఒకరికి చూపిస్తారు. "అంతదాకా ముసుగు తీస్తే దిష్టి తగల్తాది. జల్వా అయినాక కూడా పెండ్లికూతుర్ని అట్లే కూసోబెట్టుకోని ఉంటారా? ఇదీ అంతే" అనేది. క్రమంగా ఆ మాట మా అందరి నోళ్ళల్లో నలిగిపోయింది. పొయ్యి దగ్గరి మునిరత్నం కూడా "రెడ్డిగారి కేకు జల్వా ఎన్నింటికక్కా?" అని కేకేసేవాడు. ఒకామె మా మాటలు విని, "జల్వా కూడా ఏసి ఇయ్యండి" అని అడిగింది, అదేదో పైన చల్లే జీడిపప్పు అనుకుని.

పచ్చి మీగడ పెట్టిన కేకు మీద చక్కెర పొర కప్పమంటే మాత్రం ఆమె అంత తేలిగ్గా ఒప్పుకునేది కాదు. ఎండాకాలంలో అయితే అసలే వద్దనేది. ఒకసారి ఒక కాంట్రాక్టరు వచ్చి, మిద్దె మీద మనవడి పుట్టినరోజు, సాయంత్రం దాకా కేకు అందరికీ కనపడేటట్టు పెట్టాలి, లోపల మీగడ ఉండాలి అన్నాడు. ఖైరక్క కుదరదంది. "ఏమ్మా, ఇంత పెద్ద బేకరీ పెట్టుకోని ఇది చేతకాదా?" అన్నాడాయన.

"సేతనైతాది సార్. పైన సూస్తే మీకు ఏమీ తెలీదు, అదే దీంతో వచ్చిన సిక్కు. పాలు ఇరిగితే కంటికి అగుపడతాది. అన్నం పాసిపోతే వాసన కొడతాది. దీనికి సక్కెర కప్పినామే, లోపల ఏం జరిగినా పైకి సెప్పదు. పసిబిడ్డలు తినేది గదా."

ఆయన విసుక్కుంటూ పోయి వేరే అంగట్లో చేయించుకున్నాడు. "వచ్చినోళ్ళనందర్నీ తరిమేస్తే మనం ఈగలు తోలుకోవాల్సిందే" అని బాషన్న సణిగాడు. ఆ మిద్దె మీద కేకు తిన్నవాళ్ళకు ఏమన్నా అయ్యిందని ఎవరూ చెప్పుకోలేదు. ఆయన ఆ తర్వాత మా అంగడి ముందు నుంచి పోతూ కావాలనే నవ్వేవాడు. అంత భయం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు. కొందరికి ఉంటుంది, అంతే.

అంత భయం ఉన్న మనిషి, ఊరందరికీ వద్దని చెప్పిన మనిషి, కన్నబిడ్డకు మాత్రం కాదనలేకపోయింది. రుక్సానా వాళ్ళకు ఒక్కతే కూతురు. వాణియంబాడిలో తోళ్ళ వ్యాపారం చేసే ఇంటి సంబంధం కుదిరింది. వియ్యపురాలు మాటల మధ్యలో, "బేకరీ ఇంటి పిల్లను చేసుకుంటున్నాం, కేకు మావాళ్ళెవరూ చూడనిది ఉండాలి" అన్నదట. రుక్సానా ఆ మాట పట్టుకుంది. పైన తెల్లటి చక్కెర పొర, లోపల పచ్చి మీగడ, బేనీషా మామిడి ముక్కలు ఉండాలంది. మామిడికాలమంటే చిత్తూరులో ఎండ ఎట్లా ఉంటుందో తెలుసుగా. "ఈ ఒక్కటీ చేసి ఇయ్యమ్మీ. ఆ ఇంట్లో మొదటి పొద్దే నేను తల ఎత్తుకోని పోవాల" అని తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. ఖైరక్క నా వైపు చూసి, "నేను దగ్గరుండి సూసుకుంటా గదా" అంది. తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది.

పెళ్ళినాటి ఉదయం కేకును షాదీ మహల్‌కు చేర్చాం. ఐస్‌క్రీము కాంట్రాక్టరు తెచ్చిన పెద్ద ఫ్రిజ్‌లో చోటు చేయించాం. పెళ్ళికూతురి తల్లికి కేకు దగ్గర నిలబడే తీరిక ఎక్కడిది? లోపలి నుంచి పిలుపుల మీద పిలుపులు. ఖైరక్క తన ఆడబిడ్డ మున్నీబీని పిలిచి అప్పజెప్పింది. "పెండ్లికొడుకోళ్ళు దిగే టయానికి తీయించి బయట పెట్టించు వదినా. ఆ పైన జల్వా దాకా మూత తీయద్దు. ఎవుర్నీ ముట్టనీయద్దు" అంది. నేను పక్కనే ఉన్నాను. అంగట్లో రోజూ వినే మాటే కాబట్టి నాకేమీ తోచలేదు. నాకు అంగట్లో ఆ రోజు ఇవ్వాల్సిన ఆర్డర్లు ఉన్నాయి, వెళ్ళిపోయాను.

పెళ్ళివారి బస్సు కాట్పాడి దగ్గర చెడిపోయింది. ఉదయం దిగాల్సినవాళ్ళు మధ్యాహ్నానికి దిగారు. ఆ తర్వాత నిఖా, ఆ తర్వాత భోజనాలు. మా అంగడి మనుషులు ఎవరున్నా ఆలస్యమని తెలియగానే కేకును తిరిగి ఫ్రిజ్‌లోకి తోసేవాళ్ళు. మున్నీబీకి మా అంగడి భాష ఏం తెలుసు? ఆమెకు తెలిసిన జల్వా ఒకటే, నిఖా తర్వాత అద్దం ముందు జరిగేది.

నేను పనులు ముగించుకుని పోయేసరికి భోజనాలు ముగిసే వేళయింది. వేదిక పక్కన బల్ల మీద కేకు పెట్టె, దాని పక్కన కుర్చీలో కాపలాగా మున్నీబీ ఉన్నారు. పెట్టె మీద చెయ్యి పెట్టాను. కాగితం పొడిగా, గోరువెచ్చగా ఉంది.

"మున్నీబీ అమ్మా, దీన్ని ఎప్పుడు తీయించినారు?"

"పొద్దున్నే, వాళ్ళు దిగాల్సిన టయానికే తీయించినా. మీ ఖైరూ సెప్పింది గదా, జల్వా దాకా ముట్టద్దని. నేను అన్నానికి గూడా లేయలేదమ్మా. ఈగను వాలనిస్తే ఒట్టు!" అంది గర్వంగా.

పెళ్ళికూతురి గదిలోకి పోయి ఖైరక్క చెవిలో చెప్పాను. ఆమె రుక్సానా తలకు, ముఖం మీదికి వేలాడే పూల సెహ్రా కడుతోంది. ఒక నిమిషం ఆమెకు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా, "జల్వా అని సెప్పినానా నేను?" అని అడిగింది. సెప్పినారక్కా అన్నాను. చేతిలో దారం అట్లాగే పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది.

పెట్టెను ఆ గదిలోకే తెప్పించి మూత తీశాం. అబ్బా, ఏమి కేకది! ఒక్క చెమట చుక్క లేదు. ఒక్క ముడత లేదు. అంత బాగా వచ్చిన కేకును నేను అంతకుముందు చూడలేదు, ఇప్పటిదాకా చూడలేదు. బాషన్న వంగి వాసన చూశాడు. "బాగానే ఉండాది గదా ఖైరూ" అన్నాడు. రుక్సానా కూడా, "బాగానే ఉండాదమ్మీ" అంది.

"ఉండొచ్చు" అంది ఖైరక్క.

"మరి?"

"ఉండకపోనూ వచ్చు. ఇంత ఎండలో, ఇంత సేపు. లోపల పచ్చి మీగడ ఉండాది బిడ్డా."

"కోయకుండా ఊరికే సూపిస్తాం" అన్నాడు బాషన్న.

"మన వియ్యపురాలు కోయకుండా వదుల్తాదా? ఒకసారి కత్తి దిగినాక పిల్లోళ్ళను ఆపగలవా నువ్వు?"

రుక్సానా ఏడవడం మొదలుపెట్టింది. పెట్టిన కాటుక కారిపోతున్నా తుడుచుకోలేదు. "ఈ ఒక్కపొద్దుకు వద్దమ్మీ. అంతమంది ముందర నా పరువు తీయద్దు. రేపట్నుంచి ఆ ఇంట్లో ఉండేది నువ్వు కాదు, నేను" అంది. ఆ మాటకు ఖైరక్క కళ్ళు మూసుకుంది. ఆమె మెత్తబడిందనే అనుకున్నాను. మెత్తబడాలనే కోరుకున్నాను కూడా, ఆ పిల్లను అట్లా చూడలేక. ఆమె లేచి పెట్టె మూత వేసి, "రేణుకా, అటు పట్టుకో" అంది.

ఇద్దరం దాన్ని మహల్ వెనక్కి మోసుకుపోయాం. మిగిలిన అన్నం కోసం గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్ళు గోడ పక్కన కూర్చుని ఉన్నారు. ఆ పెట్టెను చూసి పిల్లలు లేచి నిలబడ్డారు. ఖైరక్క వాళ్ళను చూసి ఆగింది. వంటవాళ్ళ దగ్గర సబ్బు నీళ్ళ బకెట్టు తెమ్మంది. కేకును కత్తితో అడ్డంగా, నిలువుగా పొడిచి, ఆ నీళ్ళు మొత్తం దాని మీద పోసింది. మామిడి ముక్కలు నురగలో తేలాయి. ఒక ముసలామె గట్టిగా, "అయ్యో, అన్నం తినే మనుషులేనా మీరు!" అంది. ఖైరక్క కొంగుతో చేతులు తుడుచుకుని, "పద, జల్వాకి టైమైతాంది" అంది నాతో. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

జల్వా దగ్గర వియ్యపురాలు కేకు ఏదని నలుగురిలో అడిగింది. ఖైరక్క లేచి నిలబడి, చాలాసేపు బయట ఉండిపోయింది, పారేసినాను, తప్పు నాదే అంది. మున్నీబీ పేరు ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. "సొంత బిడ్డ పెళ్ళికి కేకు నిలుపుకోలేనివాళ్ళు ఊరికేం అమ్ముతారో!" అని వియ్యపురాలు ఉర్దూలో అని నవ్వింది. ఆమె వెంట వచ్చినవాళ్ళంతా నవ్వారు. అద్దంలో పెళ్ళికొడుకు మొదటిసారి చూసిన రుక్సానా ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

ఊరు ఊరుకుంటుందా! పిల్లి మూతి పెట్టిందట అన్నారు. కట్నాల దగ్గర తేడా వచ్చి కోపంతో పారేసిందట అన్నారు. సబ్బు నీళ్ళ సంగతి తెలిశాక, పేదోళ్ళ నోటి ముందరి తిండి పాడు చేసిన పాపం ఊరికే పోదన్నారు. మా అంగట్లో జల్వా అనే మాట మళ్ళీ వినపడలేదు. మునిరత్నం ఒకసారి నోరు జారితే ఖైరక్క చేతిలో పని ఆపి, "మూత తీసే టైము అని సెప్పు. అందరికీ తెలిసే మాట సెప్పు" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు కొంచెం బాగుండేది. రుక్సానా పుట్టింటికి రావడం తగ్గించింది. వచ్చినా కేకుల గదిలోకి అడుగు పెట్టేది కాదు. తన కొడుకు మొదటి పుట్టినరోజుకు కేకు వాణియంబాడిలోనే వేరేవాళ్ళ దగ్గర కొనింది. ఆ ఫోటో ఫోనులో చూసి ఖైరక్క, "పొర బాగా కప్పినారు, మూలల దగ్గర సూడు" అని నాకు చూపించి, ఫోను పక్కన పెట్టి పిండి కలుపుకుంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఆ పొద్దు తినింటే ఏమయ్యుండును?"

"ఏమీ కాకపోయిండొచ్చు" అంది వెంటనే. ఎప్పుడో తనను తానే అడిగి పెట్టుకున్న ప్రశ్న అయ్యుండాలి. "ఏమన్నా అయ్యింటే అందరికీ తెలిసుండును. కాలేదు గాబట్టి నేను పిచ్చిదాన్ని. ఈ పనిలో ఇంతే రేణుకా. అలుపొస్తాది."

మా ఆయనకు తిరుపతిలో పని దొరికి మేము ఇక్కడికి వచ్చేశాక, ఈ అంగడి తెరిచిన రోజు ఆమె బస్సెక్కి వచ్చింది. అప్పటికే షుగరు ఆమె కాళ్ళను పట్టుకుంది. బతుకంతా చక్కెరతో ఆడుకున్నదానికి అది బదులు తీర్చుకుంటోందని నవ్వింది. ఫ్రిజ్ తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టి చూసింది, మూసింది, బాగుండాది అంది. అంతకంటే దీవెనలేమీ ఇవ్వలేదు.

పోయిన ఏడాది ఖైరక్క పోయింది. నలభయ్యో రోజు ఫాతిహాకు చిత్తూరు వెళ్ళాను. బాషన్న నన్ను చూసి ఏడ్చాడు. రుక్సానా మాత్రం వచ్చినవాళ్ళకు పళ్ళేలు అందిస్తూ తిరుగుతోంది. తల్లి పోయిన రోజు నుంచి ఆమె కంట్లో చుక్క నీరు రాలేదని బంధువులు గుసగుసలాడుకుంటున్నారు. అందరూ వెళ్ళాక వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"రేణుకక్కా, ఒకటి అడుగుతా, నిజం సెప్పు. నువ్వు ఆమె మనిషివి, అయినా నిజమే సెప్పు. ఆ కేకు నిజంగానే సెడిపోయిందా?"

అబద్ధం చెప్పడం ఎంత తేలిక! చెడిపోయింది తల్లీ, నా కళ్ళతో చూశాను, లోపల పులిసి ఉంది అంటే చాలు. తల్లి తప్పు చేయలేదని కూతురికి తెలిసిపోతుంది. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఖైరక్క ఆ ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజే తప్పించుకునేది. పొడిచినప్పుడు పులిసిన వాసన వచ్చిందని అందరికీ చెప్పుకుని ఉండేది. ఆమె చెప్పుకోలేదు.

"నాకు తెలీదు రుక్సానా. మీ అమ్మకు గూడా తెలీదు" అన్నాను.

"తెలీకుండానే పారేసిందా?"

"తెలీకనే పారేసింది."

ఆమె ఎక్కడో చూస్తూ, "మా అత్తోళ్ళ బస్సులో పసిపిల్లోళ్ళు ఉన్నారు ఆ పొద్దు" అంది.

"ఉన్నారు."

"మా ఆడబిడ్డ అప్పుడు నెలలు నిండిన మనిషి."

"అవును."

"ఎవురికీ ఏమీ కాలేదు గదక్కా."

"ఎవురికీ ఏమీ కాలేదు" అన్నాను.

దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుని నా ఒళ్ళో పడిపోయింది. నలభై రోజుల ఏడుపు, దానికి ముందు ఇన్నేళ్ళ ఏడుపు, అంతా ఒక్కసారే వచ్చింది. బాషన్న గుమ్మం దగ్గరికి వచ్చి, చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. అక్కా, వినపడుతోందా నీకు, అని మనసులో ఖైరక్కను అడిగాను.

అంతకుముందు నేను ఏదైనా కేకు పారేస్తే, పనివాళ్ళు అడిగినా కొన్నవాళ్ళు అడిగినా, చెడిపోయిందని గట్టిగా చెప్పేదాన్ని. చెడిందని తేలితేనే పారేసే హక్కు ఉన్నట్టు అనిపించేది. ఇప్పుడు అట్లా చెప్పడం లేదు. బాగానే ఉంది కదా మేడమ్, ఎందుకు పారేస్తున్నారు అంటారు. తెలీదు, అందుకే పారేస్తున్నా అంటాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. చూడనీ అని నా పని నేను చేసుకుంటాను.